ఎన్నికల రోజుల్లో విశ్వాసి ఏం చేయాలి, సంఘం ఏం చేయకూడదు

ఎన్నికల తేదీ ప్రకటించగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగే మనుషులు వేరు, ప్రశ్నలు మాత్రం అవే. "అభ్యర్థి ఆదివారం ఆరాధనకు వస్తానంటున్నాడు, రమ్మనాలా వద్దా?" "ఇంటికి కవరు తెచ్చి ఇచ్చారు, తీసుకుంటే పాపమా?" "అయ్యగారు ఫలానా పార్టీకే వేయమంటున్నారు, వినకపోతే దైవసేవకుణ్ణి ఎదిరించినట్టా?"

టీచరుగా ఉన్నన్నాళ్ళూ పోలింగ్ డ్యూటీలు చేశాను. సంఘంలో పెద్దగా ఉండి కానుకల లెక్కలూ రాశాను. అందుకే నన్ను అడుగుతుంటారు. ప్రతిసారీ ఒక్కొక్కరికీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ పార్టీకి వేయాలో ఇందులో ఉండదు. విశ్వాసి ఓటు ఎలా కాపాడుకోవాలి, సంఘం తన మైకునీ కానుకల సంచినీ ఎలా కాపాడుకోవాలి అన్నదే ఉంటుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంట్లో 18 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరి ఓటరు కార్డు, దాని మీద ఉండే ఎపిక్ నంబరు
- మీ బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్వో ఫోన్ నంబరు. తెలియకపోతే 1950కి ఫోన్ చేసి అడగండి
- ఒక నోట్‌బుక్
- సంఘ పెద్దల మినిట్స్ పుస్తకం
- బైబిల్. ముఖ్యంగా నిర్గమకాండము 18:21, 23:8, యాకోబు 2:1-4, 1 తిమోతి 2:1-2 దగ్గర గుర్తు పెట్టుకోండి

1. ఓటు ఉందో లేదో చూసుకోండి

కార్డు ఉంటే ఓటు ఉన్నట్టు కాదు. జాబితాలో పేరుండాలి. పోలింగ్ రోజున కార్డు చేత్తో పట్టుకుని వచ్చి, పేరు లేదని తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళను బూత్‌లో నా బల్ల ముందే చూశాను. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు.

కొత్త ఓటుకు ఫారం 6. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఫారం 8. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, వీటిలో ఏ తేదీకి 18 నిండినా దరఖాస్తు చేసుకోవచ్చు. నామినేషన్ల గడువు ముగిశాక ఎవరి పేరూ చేర్చరు. కాబట్టి పోలింగ్ తేదీ చూసి కాదు, నామినేషన్ల తేదీ చూసి జాగ్రత్తపడండి. పరిశీలనకు టైం పడుతుంది, ఇంకా ముందే పెట్టుకుంటే మంచిది.

జాగ్రత్త: మన వాళ్ళలో చాలామందికి హైదరాబాద్‌లో ఒక ఓటు, సొంతూళ్ళో ఒక ఓటు ఉంటుంది. "రెండు చోట్లా వేయడం లేదు కదా" అంటారు. రెండు చోట్ల పేరుండటమే చట్టానికి విరుద్ధం. ఇంకెక్కడా ఓటు లేదని ఫారంలో సంతకం పెట్టి అబద్ధం చెబితే ఏడాది దాకా జైలు పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచండి. అబద్ధం మీద సంతకం పెట్టి, మర్నాడు ఆదివారం సాక్ష్యం చెప్పలేం కదా. ఎక్కడ కాపురం ఉంటున్నారో అక్కడే ఉంచుకోండి, రెండోది తీసేయించండి.

2. షెడ్యూల్ రాకముందే సంఘ పెద్దలు తీర్మానం రాయండి

అన్నిటికంటే ఉపయోగపడే పని ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. అభ్యర్థి గుమ్మంలోకి వచ్చాక ఆలోచిద్దామనుకుంటే మొహమాటం గెలుస్తుంది. ఏ పేరూ బయటకు రాకముందే రాసుకుంటే ఎవరినీ ఉద్దేశించి రాసినట్టుండదు.

తీర్మానం ఇలా ఉంటే చాలు: "మన మందిరంలో గానీ, ఆవరణలో గానీ, సంఘం ఏర్పాటు చేసే ఏ కూడికలో గానీ ఏ పార్టీ ప్రచారానికీ చోటు ఇవ్వము. అభ్యర్థుల నుంచి, వారి తరఫున వచ్చేవారి నుంచి ఎన్నికల రోజుల్లో ఏ కానుకా తీసుకోము. పోటీ చేస్తున్న లేదా పార్టీ పదవిలో ఉన్న పెద్దలు ఫలితాలు వచ్చేదాకా మైకు, లెక్కల బాధ్యత వేరొకరికి అప్పగిస్తారు." తేదీ వేసి అందరూ సంతకాలు పెట్టండి. ఆదివారం ప్రకటనల్లో చదవండి. ఒక కాపీ నోటీసు బోర్డుకి అంటించండి.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, దీని వెనక చట్టం ఉంది. ఎన్నికల కోడ్ మసీదులు, చర్చిలు, గుళ్ళు వేటినీ ప్రచార వేదికగా వాడకూడదంటుంది. మత సంస్థల దుర్వినియోగాన్ని అడ్డుకోవడానికి 1988లో వచ్చిన చట్టం ప్రకారం మందిరం ఆవరణనీ, నిధుల్నీ రాజకీయ పనికి వాడనిస్తే, నిర్వాహకులకు 5 ఏళ్ళ దాకా జైలు, జరిమానా ఉంటాయి. నిర్వాహకులంటే పాస్టరుగారొక్కరే కాదు, బాధ్యత చూసే పెద్దలు కూడా.

పంచాయతీ ఎన్నికలకు ఇంకో మాట. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు కాబట్టి మనకేం కాదని కొందరు అనుకుంటారు. నిజానికి చుట్టరికాలు, వీధులు, సంఘాలు ఎక్కువగా చీలేది అక్కడే. కొన్ని ఊళ్ళలో ఏకగ్రీవం పేరుతో సర్పంచ్ పదవిని వేలం వేసి, వచ్చిన డబ్బులో గుడికింత, చర్చికింత అని పంచుతారు. ఆ వాటా సంఘం ముట్టుకోకూడదు. ఊరి జనం ఓటు అమ్మిన సొమ్ము అది. స్లాబుకు డబ్బులు తక్కువైతే ఇంకో ఏడాది రేకుల కిందే ఆరాధించండి.

3. అభ్యర్థి ఆదివారం వస్తానంటే

ఒక సంఘం సంగతి చెబుతాను. ఊరూ పేరూ వద్దు. పోలింగ్‌కి రెండు వారాల ముందు ఒక అభ్యర్థి వచ్చాడు. వేదిక మీద అయ్యగారి పక్కన మెత్తటి కుర్చీ వేశారు. దానికి చోటు కోసం ముందు చాప మీద కూర్చున్న ముసలమ్మల్ని వెనక్కి జరగమన్నారు. శాలువా కప్పారు. ఆయన "రెండు నిమిషాలు" అని మైకు తీసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. వెళ్తూ ప్రహరీ గోడకి అని ఒక కవరు ఇచ్చాడు. గోడ నడుం ఎత్తు దాకా లేచింది. మిగతా డబ్బు గెలిచాక అన్నాడు, గెలవలేదు. అవతలి పార్టీ కుటుంబాలు నెలల తరబడి ఆ గేటు దాటి లోపలికి రాలేదు. ఆ గోడ ఇప్పటికీ నడుం ఎత్తునే ఉంది.

ఆ కుర్చీ గురించి యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ముందే ఉంది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి నిలబడమంటే అది పక్షపాతం అంటాడు ఆయన. ఎన్నికల ఆదివారానికి ఇంతకన్నా నేరుగా వర్తించే మాట నాకు కనబడలేదు.

కాబట్టి ఇలా చేయండి.

ఫోన్ వచ్చినప్పుడే చెప్పండి: "ఆరాధనకు ఎవరైనా రావచ్చు, మీరూ రండి. కండువా లేకుండా రండి. మైకు, శాలువా, ఫోటోలు ఉండవు. ఇది అందరికీ పెట్టుకున్న పద్ధతి, తీర్మానం కాపీ వాట్సాప్‌లో పంపిస్తున్నాం." ఈ మాట పాస్టరుగారితో చెప్పించకండి. ఆయన్ని ఇరుకున పెట్టొద్దు. ఒక పెద్ద చెప్పాలి.

వస్తే అందరితో పాటు కూర్చోబెట్టండి. చాపలుంటే చాప మీద, కుర్చీలుంటే ఖాళీగా ఉన్న కుర్చీలో. వెంట వచ్చిన జెండాలు, బండ్లు గేటు బయటే.

ప్రార్థన చేయమని అడిగితే? కాదనకండి. అధికారంలో ఉన్నవారి కోసం ప్రార్థించమని తిమోతికి పౌలు రాసింది చక్రవర్తులు విగ్రహాలకు మొక్కే రోమా పాలనలో. మన అభ్యర్థి ఏ మతంవాడైనా ప్రార్థన చేయొచ్చు. కానీ ఆరాధన అయిపోయాక, పక్కన, కెమెరా లేకుండా. ఏమని ప్రార్థించాలో కూడా ముందే అనుకోండి. న్యాయబుద్ధి కోసం, నిజాయితీ కోసం, ఎన్నిక శాంతిగా జరగడం కోసం అడగండి. "ఈ బిడ్డను గెలిపించు ప్రభువా" అనొద్దు. తల మీద చెయ్యి పెట్టిన ఫోటో సాయంత్రానికల్లా ఆయన ప్రచార పోస్టరైపోతుంది, కింద మీ సంఘం పేరు ఉంటుంది.

రేపు ఆయన ప్రత్యర్థి వచ్చినా అక్షరం మారకుండా ఇదే చేయండి.

అభ్యర్థుల మాటలు వినాలని విశ్వాసులకు నిజంగా ఉంటే వేరే దారి ఉంది. సంఘం పేరు మీద కాకుండా వీధివాళ్ళంతా కలిసి, మందిరం బయట ఒక హాల్లోనో స్కూల్లోనో, ఎన్నికల అధికారి అనుమతితో అభ్యర్థులందర్నీ పిలవండి. అందరికీ ఒకే టైం, ఒకే ప్రశ్నలు. ఒక్కరే వస్తే సభ రద్దు చేసుకోండి.

4. అభ్యర్థిని తూచడం

మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా నిర్గమకాండము 18:21లో ఉంది. నాయకుల్ని ఎంచుకునేటప్పుడు సామర్థ్యం, దైవభయం, సత్యం, లంచాన్ని అసహ్యించుకునే గుణం చూడమన్నాడు. వంశం, గోత్రం ఆ జాబితాలో లేవు.

నోట్‌బుక్‌లో ఒక్కో అభ్యర్థికి ఒక పేజీ ఇవ్వండి. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26లో అఫిడవిట్ ఇవ్వాలి. ఆస్తులు, అప్పులు, చదువు, మీదున్న క్రిమినల్ కేసులు అందులో ఉంటాయి. ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మైనేత సైట్‌లో పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఇవి రాసుకోండి:

- అయిదేళ్ళ క్రితం ఆస్తి ఎంత, ఇప్పుడెంత, మధ్యలో ఆదాయం ఏం చూపించారు
- కేసులుంటే ఏ సెక్షన్లు. ధర్నాలో పెట్టిన కేసు, ఆడపిల్లని వేధించిన కేసు ఒకటి కావు
- మన మండలంలో ఆయన లేదా ఆమె చేసినట్టు మీరు కళ్ళతో చూసిన పని ఒకటి
- బలహీనుల విషయంలో ఏం చేశారు: కౌలు రైతు, వలస కూలీ, పెన్షన్ ఆగిన విధవరాలు

అఫిడవిట్ తెరవడం రాకపోతే యవ్వనస్థుల్లో ఒకరిని అడగండి. పది నిమిషాల పని. కానీ ఆ కుర్రాణ్ణి మీ బదులు తీర్పు చెప్పమనకండి, కాగితం మీద ఉన్నది చదివి వినిపించమనండి, అంతే.

ఇక్కడ అందరూ చేసే తప్పు "మనవాడేనా?" అన్న ప్రశ్న. క్రైస్తవుడు కాబట్టి వేస్తాం, మన కులం కాబట్టి వేస్తాం అంటారు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4:3 తేడాతో ఒక తీర్పిచ్చింది. అభ్యర్థి మతం పేరుతోనే కాదు, ఓటరు మతం, కులం పేరుతో ఓటు అడిగినా అది అవినీతి చర్యే అని చెప్పింది. దాంతో గెలిచిన ఎన్నికే రద్దు కావచ్చు. మనవాడని ఊరేగించి గెలిపిస్తే, ఆ పదవినే పోగొట్టినవాళ్ళమవుతాం.

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి ఒక పెద్ద ఆదర్శం ఉంది. దోర్నకల్ బిషప్ అజరయ్య, మన దేశంలో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. 1930ల్లో క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు ఇస్తామని ప్రభుత్వం అంటే ఆయన వద్దన్నారు. ఇరుగుపొరుగుతో కలిసి ఓటేయకుండా మనల్ని విడిగా కట్టేస్తే సంఘం ఒక రాజకీయ కులంగా మారిపోతుందని ఆయన బాధ. ఒప్పుకుంటే క్రైస్తవులకు విడిగా సీట్లు దొరికేవి. అయినా వద్దన్నారు. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

ఎవరూ నచ్చకపోతే? నోటా 2013 నుంచి ఉంది, వాడుకోవచ్చు. ఇంట్లో కూర్చోవడం కంటే అదే మేలు. అయితే నోటాకి ఎన్ని ఓట్లొచ్చినా మిగతావారిలో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారని తెలిసి నొక్కండి. ఉన్నవారిలో తక్కువ చెడు చేసేవారు ఎవరో చూసి వేయడం పాపమేమీ కాదు.

5. కవరు

ఒకావిడ, డెబ్బై దాటిన తల్లి, ప్రార్థన అయ్యాక నా దగ్గరకు వచ్చి కొంగు ముడి విప్పింది. రెండు అయిదొందల నోట్లు, చెమటకు తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. "తీసుకోకపోతే నన్ను అవతలి పార్టీ అని రాసుకుంటారు బాబూ. పెన్షన్ ఆపేస్తారేమోనని భయం. పాపమా?" అంది.

ఆ రోజు నుంచి కవరు తీసుకున్నవాళ్ళను ఆశపోతులని అనడం మానేశాను. చాలా ఇళ్ళలో ఉన్నది ఆశ కాదు, భయం. పుల్పిట్ మీది నుంచి తిడితే భయం పోదు. పద్ధతి నేర్పాలి.

ఇంట్లో అందరూ ముందే ఒక మాట అనుకోండి. ఒకరు కాదంటుంటే ఇంకొకరు చెయ్యి చాపకూడదు. గుమ్మం దగ్గర చెప్పాల్సిన మాట ఒక్కటే ఉండాలి: "అన్నా, మా ఇంట్లో ఎవరి దగ్గరా తీసుకోం. మీ మీద కోపమేం లేదు, మంచినీళ్ళు తాగి వెళ్ళండి." ఏ పార్టీవాళ్ళొచ్చినా అదే మాట, అదే మంచినీళ్ళు. రెండో పార్టీకి కూడా అదే చెప్పారని తెలిస్తే మొదటివాళ్ళకు మీ మీద అనుమానం పోతుంది.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఇది కష్టం. వాళ్ళ కోసం స్త్రీల సమాజం ఒక పని చేయొచ్చు. పంపకాలు జరిగే సాయంత్రాలు ఇద్దరిద్దరు వాళ్ళ ఇళ్ళలో కూర్చోండి. "మా సమాజంలో ఎవరమూ తీసుకోవడం లేదండీ" అని పది ఇళ్ళు కలిసి చెబితే, ఏ ఒక్కరి పేరూ జాబితాలో విడిగా పడదు. మేం ఇది చేసి చూశాం. మొదటి రోజు టెన్షన్, రెండో రోజుకి వాళ్ళే ఆ వీధి వదిలేశారు.

పెన్షన్ మాట కూడా గట్టిగా చెప్పండి. పెన్షన్, రేషన్ కార్డు ఏ నాయకుడి జేబులోంచీ వచ్చేవి కావు. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు ప్రభుత్వం ఇస్తూ వచ్చిన నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం సంగతీ అంతే. అది ఖజానా డబ్బు. దానికి ఓటు రూపంలో రుణం తీర్చాల్సిన అవసరం ఏ అయ్యగారికీ లేదు.

అందరూ అనే మాట ఒకటుంది: "డబ్బు తీసుకుని నచ్చినవాళ్ళకే వేస్తాం, తప్పేముంది?" ఒక లెక్క చూడండి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. నియోజకవర్గంలో 2 లక్షల ఓటర్లుంటే మనిషికి 20 రూపాయలు. మీ కవరులో ఉన్నది ఆ లెక్కలోకి రాదు. అంటే గెలిచినవాడు ఫలితాల తర్వాత 30 రోజుల్లో ఇచ్చే ఖర్చుల లెక్క అబద్ధమే అవుతుంది. ఆయన పదవి అబద్ధంతో మొదలవడానికి మనం ఒక చెయ్యి వేసినట్టే. భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల ప్రకారం ఇచ్చినవాడితో పాటు తీసుకున్నవాడికీ ఏడాది దాకా జైలు ఉండొచ్చు. లంచం చూపున్నవాడికి గుడ్డితనం తెస్తుందని నిర్గమకాండము 23:8 చెబుతోంది. తీసుకున్నాక ఆ మనిషి అఫిడవిట్‌ని మీరు మునుపటి కళ్ళతో చదవలేరు. ఇది నేను చూసిన సంగతి.

ఇప్పటికే తీసుకుని ఉంటే? తెచ్చిన మనిషికే, ఇంకొకరు తోడుండగా తిరిగి ఇచ్చేయండి. గొడవ అవుతుందనుకుంటే పెద్దలిద్దర్ని వెంట తీసుకెళ్ళండి. కానుకల సంచిలో మాత్రం వేయకండి. "దేవుడికే ఇచ్చేశా" అని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, దాంతో సంఘం మొత్తాన్ని ఆ లంచంలో భాగస్థుల్ని చేస్తారు. ఏ కారణం వల్లనైనా తిరిగి ఇవ్వలేకపోతే, దేవుని దగ్గర ఒప్పుకోండి. ఆ డబ్బుకి రుణపడి మాత్రం ఓటేయకండి. ఓటు రహస్యం, ఎవరికేశారో ఎవరికీ తెలియదు. ఆ తల్లికి కూడా ఇదే చెప్పాను. మర్నాడు ఇద్దరం వెళ్ళి ఇచ్చేసి వచ్చాం. పెన్షన్ ఆగలేదు.

ఫిర్యాదు చేయాలనుకుంటే: అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలప్పుడు సీ-విజిల్ యాప్‌లో ఫోటో గానీ చిన్న వీడియో గానీ పెడితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని పద్ధతి. పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం కిందకు వస్తాయి కాబట్టి అప్పుడు అక్కడి ఎన్నికల అధికారికి రాసివ్వండి. ప్రాణానికి ముప్పుంటే వీడియోల జోలికి పోవద్దు.

6. బైబిల్ మీద ప్రమాణం చేయిస్తే

డబ్బిచ్చి, ఒకరికి పసుపు బియ్యం మీద, ఇంకొకరికి బైబిల్ మీద ప్రమాణం చేయించేవాళ్ళున్నారు. చెయ్యి పెట్టకండి. "బైబిల్ మీద ఒట్టు వేయం" అని చెప్పడానికి మీకు ప్రభువు కొండమీద ప్రసంగమే ఆధారం.

భయపడి చేసేశారా? తొందరపాటుతో ఒట్టు పెట్టుకున్నవాడు తన అపరాధం ఒప్పుకోవాలని లేవీయకాండము 5:4-5లో ఉంది. ఒప్పుకోమనే ఉంది. తప్పుడు ఒట్టును నిలబెట్టుకోవడానికి ఇంకో తప్పు చేయమని లేదు. ఒప్పుకుని, మీ మనస్సాక్షి ప్రకారం ఓటేయండి.

ఫలానా వారికి ఓటేయకపోతే దేవుని శాపం తగులుతుందని, సంఘం నుంచి వెలివేస్తామని అభ్యర్థి గానీ, అతని సమ్మతితో అయ్యగారు గానీ అంటే, అది ప్రజాప్రాతినిధ్య చట్టం 123(2) కింద అవినీతి చర్య. దేవుడి పేరు చెప్పి భయపెట్టడాన్ని ఆ చట్టం విడిగా పేర్కొంది.

7. చివరి 48 గంటలు

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోవాలి. 2024లో మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13, సోమవారం. అంటే ముందురోజు ఆదివారం ఆరాధన మొత్తం ఆ మౌన సమయంలోనే పడింది. చాలామంది కాపరులకు అది తట్టలేదు. క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. ఆ ఆదివారం ప్రసంగంలో పార్టీ, గుర్తు, "ఫ్యాను గాలి", "చెయ్యి చాచిన ప్రభువు" లాంటి రెండర్థాల మాటలు రాకుండా కాపరిగారు తన నోట్సు ఇంకొకరికి చూపించుకుంటే మంచిది. యూట్యూబ్ లైవ్ ఉన్న సంఘాలకు ఇది మరీ అవసరం.

సంఘం వాట్సాప్ గ్రూపుని ఆ వారం "అడ్మిన్లు మాత్రమే" అని మార్చేయండి. "ఈ పార్టీ వస్తే చర్చిలు మూసేస్తారట", "ఫలానా జీవో వచ్చేసిందట" అన్న మెసేజ్ వస్తే పంపినవారిని మూడు అడగండి: జీవో నంబరు, తేదీ, శాఖ. మూడూ చెప్పలేకపోతే తీసేయండి. భయపెట్టే అబద్ధం మనకు అనుకూలమైనదైనా అబద్ధమే.

8. పోలింగ్ రోజు

ఉదయాన్నే వెళ్ళండి, ఎండ, క్యూ రెండూ తక్కువ. 85 ఏళ్ళు దాటినవారు, 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే ఓటేయొచ్చు. కానీ నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపే ఫారం 12డి ఇవ్వాలి. మిగతా పెద్దవాళ్ళను మీ సొంత బండి మీద తీసుకెళ్ళండి. అభ్యర్థి మాట్లాడి పెట్టిన ఆటో ఎక్కకండి, ఓటర్లను అలా తరలించడం కూడా నేరమే. దారిలో ఎవరికి వేయాలో చెప్పకండి.

9. ఫలితాల తర్వాత

ఇక్కడితో అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. నా లెక్కలో పని ఇక్కడే మొదలవుతుంది.

గెలిచినవారి పేరు పెట్టి, మీరు ఓటేసినా వేయకపోయినా, తర్వాతి ఆదివారం ప్రార్థించండి. ఓడినవారి కోసం కూడా. ఆ తర్వాత నోట్‌బుక్ తీసి, గెలిచినవారు మన ఊళ్ళో ఇచ్చిన మాటలు మూడు రాసుకోండి.

గ్రామసభకు వెళ్ళండి. మన వాళ్ళు వెళ్తే ప్రహరీ గోడ, శ్మశాన స్థలం మాత్రమే అడిగి వచ్చేస్తారు. శ్మశాన స్థలం న్యాయమైన అవసరమే, అడగండి. కానీ ఎస్సీ కాలనీకి రాని మంచినీళ్ళ పైపు గురించి, పక్క వీధిలోని ముస్లిం కుటుంబం ఇంటి పట్టా గురించి కూడా మీరే లేచి అడగండి. చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరంలో, మీరున్న పట్టణం క్షేమం కోరమన్నాడు. పట్టణంలో మీ వాళ్ళ క్షేమం అనలేదు.

జవాబు రాకపోతే సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద రాసివ్వండి. పంచాయతీలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైన 10. "పని ఎందుకు చేయలేదు?" అని రాయకండి, జవాబు రాదు. "ఫలానా వీధి మంచినీటి పైపులైనుకు మంజూరైన మొత్తం, మంజూరు తేదీ, కాంట్రాక్టరుకు చెల్లించిన మొత్తం, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు ఇవ్వగలరు" అని రాయండి. రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఇవ్వొచ్చు.

"విశ్వాసులం, ఆఫీసుల చుట్టూ తిరగడమేంటి" అనేవారికి: కొరడాలతో కొట్టబోయినప్పుడు పౌలు తాను రోమా పౌరుణ్ణని శతాధిపతిని నిలదీశాడు. పౌర హక్కు వాడుకోవడం విశ్వాసలోపం అయితే ఆయన నోరు మూసుకునేవాడు.

పాస్టరుగారే పార్టీ మాట చెబుతుంటే

ఎక్కువ బాధతో అడిగే ప్రశ్న ఇది. గ్రూపులో పెట్టి పరువు తీయకండి. మొదట ఒక్కరే ఇంటికి వెళ్ళి, "అయ్యగారూ, మీ మాట వల్ల ఫలానా కుటుంబం రావడం మానేసింది" అని జరిగింది చెప్పండి. చట్టం పుస్తకంతో మొదలుపెట్టొద్దు. వినకపోతే ఇద్దరు పెద్దలతో వెళ్ళి తీర్మానం చూపించండి. అప్పుడూ వినకపోతే డయాసిస్‌కో, మీ సంస్థ పై పెద్దలకో రాతపూర్వకంగా ఇవ్వండి. స్వతంత్ర సంఘమైతే పెద్దలంతా కలిసి ఎన్నికల రోజులకు వేరే వాక్య పరిచారకుణ్ణి పిలవండి. ఓటు విషయంలో ఆయన మాట వినకపోవడం దైవసేవకుణ్ణి ధిక్కరించడం కాదు. ఆత్మల కాపరిగా ఆయనకున్న అధికారం ఈవీఎం దాకా రాదు.

సరిగ్గా చేశామా అని చూసుకోవడం

ఫలితాలొచ్చిన నెల తర్వాత పెద్దలు కూర్చుని ఇవి చూడండి.

కానుకల పుస్తకం తెరవండి. షెడ్యూల్ వచ్చిన రోజు నుంచి ఫలితాల దాకా, మామూలుగా రానంత పెద్ద మొత్తం ఏదైనా ఉందా? ఉంటే ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో అడిగి, అభ్యర్థి తరఫుదని తేలితే రసీదు తీసుకుని తిరిగి ఇచ్చేయండి.

ఆ రోజుల ప్రసంగాల రికార్డింగ్ ఏదైనా ఒకటి పెట్టి వినండి. అవతలి పార్టీ విశ్వాసి పక్కన కూర్చుని వింటే మొహం చిన్నబుచ్చుకునే మాట ఉందా?

ప్రభుసంస్కారం ఆదివారం వరుసలు చూడండి. రెండు పార్టీల ఏజెంట్లుగా బూత్‌లో ఎదురెదురు కూర్చున్న మన పిల్లలిద్దరూ వచ్చారా? రాకపోతే ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళండి, సోమవారానికి వాయిదా వేయకండి.

చివరగా నోట్‌బుక్‌లో ఆ మూడు మాటల పేజీ తీసి, సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చిన తేదీకి 30 రోజులు కలిపి ఆ తేదీని పక్కన ఎర్ర పెన్నుతో రాయండి. ఆ రోజు ఎవరు ఆఫీసుకు వెళ్తారో పేరు కూడా ఇప్పుడే రాసేయండి.